పాత్రలు పాఠం చెబితే

నవల పూర్తయినా కొన్ని పాత్రలు మనల్ని వదలవు. కోర్టు ఆవరణలో ఎవరైనా కాగితాలు పట్టుకుని హడావిడిగా తిరుగుతుంటే ‘కన్యాశుల్కం’ రామప్ప పంతులు గుర్తొస్తాడు. పక్కింటి గడుగ్గాయి నోరు విప్పితే బుడుగు వినిపిస్తాడు. బడిలో తెలుగు చెప్పడం నా వృత్తి కాబట్టి నాకు వాళ్లు ఎక్కువగా అక్కడే తారసపడతారు. ఖాళీ పీరియడ్లో ఒక్కొక్కరి చేతికీ సుద్దముక్క ఇచ్చి, ఎనిమిదో తరగతి ముందు నిలబెట్టి, ఏం జరుగుతుందో ఊహించుకుంటాను. కథలో వాళ్లకు రచయిత కాపలా ఉంటాడు. ఏ మాటకు ఏ జవాబు రావాలో ముందే రాసిపెడతాడు. తరగతిలో ఆ కాపలా ఉండదు. పిల్లలు తమకు తోచిన ప్రశ్న వేస్తారు, తమకు నవ్వొచ్చినప్పుడు నవ్వుతారు, అర్థం కాకపోతే కిటికీలోంచి బయటికి చూస్తారు. అక్కడ నిలబడ్డ మనిషి ఎలాంటివాడో గంట కొట్టేలోగా తేలిపోతుంది.

మన పాత్రలను సృష్టించినవాళ్లలో చాలామందికి బడి సంగతులు దగ్గరగా తెలుసు. గురజాడ అప్పారావు విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ అధ్యాపకుడిగా పనిచేశారు, కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గానూ ఉన్నారు. కాంతం కథల మునిమాణిక్యం నరసింహారావు బడిపంతులు. చలం పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు, ‘బిడ్డల శిక్షణ’ రాశారు. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో గుంటూరులో స్త్రీల చదువు కోసం శారదానికేతనం స్థాపించారు. పిల్లల ముందు నిలబడ్డవాళ్లూ, పిల్లల గురించి ఆలోచించినవాళ్లూ కన్న పాత్రలివి. వాటిని బడికి పిలవడమంటే పుట్టింటికి పిలిచినట్టే అనిపిస్తుంది నాకు.

ముందుగా వచ్చేది గిరీశమే. ఎవరు పిలిచినా పిలవకపోయినా అతనే ముందు వస్తాడు. ‘కన్యాశుల్కం’ తొలిసారి 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఇన్నేళ్లయినా గిరీశం మాటకారితనం వాడిపోలేదు. మొదటి రోజు అతని క్లాసు అద్భుతంగా ఉంటుంది. పిల్లలు రెప్ప వేయరు. ఇంగ్లీషూ తెలుగూ కలిపి ప్రవాహంలా మాట్లాడతాడు. చరిత్ర నుంచి శాస్త్రానికీ, శాస్త్రం నుంచి సంఘ సంస్కరణకూ దూకుతాడు. తల్లిదండ్రులు కూడా మెచ్చుకుంటారు. నాటకంలో జరిగింది అదే కదా. సెలవులకు అగ్రహారం వచ్చిన కొడుకు వెంకటేశం ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో వినాలని తల్లి ముచ్చటపడితే, గురుశిష్యులిద్దరూ నోటికొచ్చిన పద్యాల ముక్కలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆ చప్పుడుకే తల్లి పొంగిపోతుంది. చుట్టాలు రాగానే పిల్లాణ్ణి పిలిచి ఇంగ్లీషులో ఏదైనా చెప్పమనే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో చదువు వినిపిస్తే చాలు, దాని అర్థం ఎవరికీ అక్కర్లేదు. గిరీశానికి బలం ఇచ్చేది అలాంటి ఇళ్లే.

కానీ వెంకటేశం సంగతి చూడండి. గురువు గారి వెంట తిరిగి అతను నేర్చుకున్నది చుట్ట కాల్చడం, ఆయన గొప్పలకు తలూపడం. పరీక్ష మాత్రం తప్పాడు. గిరీశం క్లాసులో పిల్లవాడికి ఉన్న పని ఒకటే, వినడం. ఏదైనా సందేహం అడిగితే అది మాస్టారి తర్వాతి ఉపన్యాసానికి ఎత్తుగడ అవుతుంది. అతని చూపు పిల్లవాడి ముఖం మీద పడుతుంది, అయితే అక్కడ అతను వెతికేది పిల్లవాడికి ఎంత అర్థమైందో కాదు, తానెంత గొప్పగా కనిపిస్తున్నాడో. బాగా మాట్లాడగలగడం తప్పని నేననను. మాటలో పస లేని మాస్టారి క్లాసులో కూర్చోవడం పిల్లలకు శిక్ష. మాట పిల్లవాడి దాకా వెళ్లి అక్కడ ఏదైనా పని చేసిందా అని ఆగి చూసుకోని మాస్టారు మాత్రం ఎంత రంజింపజేసినా తన శిష్యుణ్ణి జీవితాంతం ప్రేక్షకుడిగానే ఉంచేస్తాడు.

గిరీశానికి పూర్తిగా అవతలి గట్టున ఉన్నవాడు ధర్మారావు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకున్న ‘వేయిపడగలు’ కథానాయకుడు. అతని క్లాసులో మాస్టారు కనిపించడు, పద్యం కనిపిస్తుంది. ఒక్క సమాసం విప్పడానికి పీరియడంతా తీసుకుంటాడు. ఆ సమాసంలోంచి ఒక గుడి, ఒక చెరువు, ఒక ఆచారం, ఒక రాగం బయటికి వస్తాయి. మార్కుల కోసం చదివే పిల్లలు విసుక్కుంటారు. ఒకరిద్దరు మాత్రం ఆ పీరియడ్లో పుట్టిన ప్రేమతో జన్మంతా సాహిత్యం చదువుకుంటారు. ఆ నవలలో గిరికనూ పసిరికనూ అంత ఆర్ద్రంగా చూడగలిగినవాడు పిల్లల పట్ల కటువుగా ఉంటాడని నేను అనుకోను. నాకున్న భయం ఇంకొకటి. తను ప్రేమించిన లోకం కళ్లముందే కూలిపోతుంటే చూసినవాడు అతను. అతని పాఠంలో మంచిదంతా వెనకే ఉంటుంది. పన్నెండేళ్ల పిల్ల ముందుకు నడవాల్సిన మనిషి. పోయినదాని విలువ చెప్పడం గురువు పనే, రాబోయేదాని మీద ఆశ చంపకుండా చెప్పడం ఇంకా పెద్ద పని. ధర్మారావు మొదటి పని అందరికంటే గొప్పగా చేస్తాడు. రెండోదానికి అతని పక్కన ఇంకొకరు కావాలి.

ఆ ఇంకొకరు ఇందిర. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, బాధ్యత లేని తండ్రిని పోషిస్తూ, తన బతుకు తనే నడుపుకునే అమ్మాయి ఇందిర. ఆమె తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెబితే వడ్డీ లెక్క పుస్తకంలో ఆగదు. జీతం చేతికి వచ్చాక దానిమీద ఎవరెవరు చెయ్యి వేస్తారో, బ్యాంకు పుస్తకం ఎవరి పేర ఉండాలో, తియ్యగా మాట్లాడే మగవాడికి వెన్నెముక ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో కూడా చెబుతుంది. మన బళ్లలో ఆడపిల్లలకు ఎవరూ చెప్పని పాఠాలివి. తల్లి చెప్పడానికి సంకోచిస్తుంది, మాస్టారు సిలబస్‌లో లేదంటాడు. ఇందిరకు సంకోచం లేదు. ఆమె దగ్గర చదువుకున్న పిల్ల ఎవరి మాటకూ అంత తేలిగ్గా మోసపోదు.

అయితే అదే నవలలోని కల్యాణిలాంటి పిల్ల ఆ క్లాసులో ఉంటే? తండ్రిని పోగొట్టుకుని, దిక్కులేక, మాట పైకి రాని పిల్ల. ఇందిర ఆమె మీద జాలిపడదు. తనెలా నిలబడిందో అలాగే అందరూ నిలబడాలనుకుంటుంది. బలవంతులకు తరచుగా ఉండే లోపం ఇది. దాటి వచ్చిన దారి వాళ్లకు గుర్తుంటుంది, ఆ దారిలో మోకాళ్లు ఎంత నొప్పి పెట్టాయో గుర్తుండదు. అందుకే నా ఊహాబడిలో ధర్మారావునీ ఇందిరనీ ఒకే స్టాఫ్‌రూమ్‌లో, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చోబెడతాను. వాళ్లు రోజూ వాదించుకుంటారు. ఆ వాదన పిల్లల చెవిన పడితే, వాళ్ల పాఠాలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

దాటి వచ్చిన దారిలో ప్రతి రాయినీ గుర్తుపెట్టుకున్నవాడు బారిస్టర్ పార్వతీశం. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి కలంలోంచి వచ్చిన ఈ మొగల్తూరు కుర్రాడు బారిస్టరు కావాలని సీమకు బయలుదేరతాడు. రైలెక్కడం దగ్గర్నుంచి ఓడలో భోజనాల బల్ల దాకా ప్రతిదీ అతనికి కొత్తే. దొరల దేశానికి వెళ్తున్నానని టోపీ కొనుక్కుంటే అది ఆడవాళ్ల టోపీ అవుతుంది. అనుభవిస్తున్నప్పుడు ఆ కుర్రాడు తన అజ్ఞానాన్ని దాచుకోవాలని ఎంత తాపత్రయపడతాడో! కథ చెబుతున్నప్పుడు మాత్రం అతనే ఒక్కటీ దాచుకోడు. నాకు మాస్టారుగా కావలసింది ఆ రెండో పార్వతీశం, కథ చెప్పే పార్వతీశం.

ఎందుకంటే తెలిసినవాడు మొట్టమొదట మరిచిపోయేది, ఆ విషయం తెలియని రోజున తానెలా ఉన్నాడో. బీజగణితంలో అక్షరం ఎందుకొచ్చిందో ఏడో తరగతి పిల్లవాడికి అర్థం కాదు. ఇరవై ఏళ్లుగా ఆ లెక్కలు చేస్తున్న మాస్టారికి, ఇందులో అర్థం కాకపోవడానికి ఏముందో అర్థం కాదు. ‘ఇంత చిన్న విషయం కూడా రాదా?’ అని అడుగుతాడు. పిల్లవాడి నోరు అక్కడితో మూతపడుతుంది. తర్వాత పదేళ్లు అతను ప్రశ్న అడగడు. పార్వతీశం క్లాసులో ఆ మాట వినిపించదు. పిల్లవాడు తెల్లమొహం వేయగానే అతనికి తన టోపీ గుర్తొస్తుంది. ‘నాకూ మొదట తెలియలేదురా అబ్బాయ్’ అంటాడు. ఆ ఒక్క మాటతో తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాకుండా పోతుంది.

ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కిన పిల్లలకు ఇలాంటి మాస్టారు మరీ అవసరం. పల్లె నుంచి హైదరాబాదు హాస్టలుకు వెళ్లే అమ్మాయికీ, పై చదువుకు అమెరికా విమానం ఎక్కే అబ్బాయికీ సబ్జెక్టు కంటే ముందు ఎదురయ్యేవి చిన్న చిన్న సంగతులు. ఎస్కలేటరు మీద కాలు ఎప్పుడు వెయ్యాలి, ఫారంలో ఈ గడిలో ఏం రాయాలి, ఎదుటివాళ్లు అన్నది అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని ఎలా అడగాలి. ఇవన్నీ అందరికీ తెలుసని లోకం అనుకుంటుంది కాబట్టి ఎవరూ చెప్పరు. పార్వతీశం చెబుతాడు. అతని పీరియడ్లో పాఠ్యపుస్తకం సగమే పూర్తికావచ్చు. అయినా ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లినా అడగడానికి వెనకాడరు. అడగగలిగినవాడికి మిగతా సగం దొరక్కపోదు.

నా జాబితాలో ఇంకో పేరు చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ సుబ్బయ్య. ఆఫీసులో భయం, ఇంట్లో భార్యా బావమరిదీ అంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య అంటే భయం. అతను క్లాసులో అడుగు పెట్టగానే వెనకబెంచీ వాళ్లకు సంగతి అర్థమైపోతుంది. గోల అదుపులో ఉండదు. హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర కనిపిస్తే సుబ్బయ్యకు మాట తడబడుతుంది. క్లాసును నడపడం అతని వల్ల కాదు, నిజమే. కానీ ఆ గోల మధ్య నోరెత్తని ఒక పిల్లవాడు ఉంటాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవనివాడు, ఇంటికెళ్లే గంట వినగానే ముఖం వాడిపోయేవాడు. సమర్థులైన మాస్టార్లకు ఆ పిల్లవాడు కనిపించడు, ఎందుకంటే అతను అల్లరి చెయ్యడు, హోంవర్కు ఎగ్గొట్టడు. సుబ్బయ్యకు మాత్రం మొదటి రోజే కనిపిస్తాడు. భయం ఎలా కూర్చుంటుందో, ఎలా ఊపిరి పీలుస్తుందో అతనికి తెలుసు. బాధ తెలిసిన మనిషి ఒక్కరైనా లేని బడి ఎన్ని ర్యాంకులు సాధించినా ఎవరో ఒక పిల్లవాణ్ణి చూడకుండానే దాటిపోతుంది.

తెలంగాణ పల్లెకు బతుకుతెరువు కోసం వచ్చిన సారంగపాణి సంగతి వేరు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో అతను నిజంగానే గురువు, దొర కూతురు మంజరికి సంగీతం చెప్పేవాడు. నిజాం కాలపు గడీలో రాగం సాగుతుంటే, ఆ గడీ గోడల బయట వెట్టిచాకిరీ సాగుతుంటుంది. పాణి గోడలోపలి కొలువులో ఉండి కూడా గోడ బయటి బతుకులను చూశాడు. బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లే ప్రతి టీచరుకూ ఇది మొదటి పాఠం కావాలి. ఊరి పిల్లలకు చదువు చెప్పే ముందు ఆ ఊరు ఏం తింటుందో, ఎవరికి తలవంచుతుందో, ఏ యాసలో ఏడుస్తుందో తెలుసుకోవాలి. పిల్లల నోట్లోని మాటను తప్పని కొట్టేసే టీచరు, ఆ పిల్లల అమ్మానాన్నలను కూడా కొట్టేస్తున్నాడు.

మరి బుడుగు? ముళ్లపూడి వెంకటరమణ రాతలో, బాపు గీతలో పుట్టిన ఈ చిచ్చరపిడుగును టీచరుగా నిలబెట్టడం సరదాగా ఉంటుంది. సీగాన పెసూనాంబను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రైవేటు చెబుతాడు. పిల్లలు టీచరాట ఆడుకునేటప్పుడు గమనించండి. ముందు బెత్తం వెతుక్కుంటారు. ఆపైన గొంతు పెంచుతారు, వేలు చూపిస్తారు, నిలబడమంటారు. అక్షరం ఆఖరున వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. మనం రోజంతా కష్టపడి చెప్పిన పాఠాల్లో వాళ్లకు అన్నిటికంటే బాగా వచ్చినది మన కోపమని ఆ ఆట చెబుతుంది. మన గురించి ఇంతకంటే నిజమైన నివేదిక ఏ అధికారీ రాయలేడు. పిల్లల టీచరాటలో టీచరు ఎదుటివాళ్ల జవాబు వినే రోజు, ‘శభాష్’ అనే రోజు వస్తే, మన బళ్లు బాగుపడ్డాయని నమ్ముతాను.

ఆఖరున, నా బడికి నేను ఎంచుకునే ప్రధానోపాధ్యాయురాలు మధురవాణి. గిరీశం ఉన్న నాటకంలోనే, అతనికి పక్కనే ఉన్న అసలైన గురువు ఆమె. ఈ మాట ఊరికే అనడం లేదు, చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ఇంట్లో జరిగినదాన్ని ఒక పాఠంగా చదివి చూడండి. ఆయన మంచివాడు, చదువుకున్నవాడు. వేశ్యల ముఖం చూడనన్న పట్టుదల ఉన్నవాడు. ఆ పట్టుదల తలుపు మూసేసింది. ఆమె మగవేషంలో ఆ తలుపు దాటింది. ఎదుటివాడు తన మాట వినగలిగే రూపంలో అతని దగ్గరకు వెళ్లింది. వెళ్లి ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రశ్నలు వేసింది. ఆయన చెప్పే జవాబులే ఆయనను ఇరకాటంలో పెట్టేలా, తన నియమాన్ని తానే తిరిగి చూసుకునేలా వేసింది. కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లును కాపాడే సాక్ష్యానికి బదులుగా ముద్దు అడిగినప్పుడు ఆ పెద్దమనిషి పూర్తిగా ఆమె చేతిలో చిక్కాడు. ఆ క్షణంలో ఆమె గెలుపు పుచ్చుకోలేదు. మంచివాడి వ్రతం తన వల్ల చెడకూడదని వదిలేసింది. ఆయన భగవద్గీత ఇస్తే దాన్ని కూడా గౌరవంగా అందుకుంది. చెప్పవలసింది చెప్పింది, నేర్చుకోవలసింది నేర్చుకుంది.

టీచరుకు పిల్లవాడి మీద ఉండే అధికారం చాలా పెద్దది. ఒక మాటతో నిలబెట్టవచ్చు, ఒక మాటతో కూల్చవచ్చు. ఆ అధికారం చేతికందిన క్షణంలో దాన్ని తన గొప్పకు వాడుకునేవాడు గిరీశం, ఎదుటి మనిషిలోని మంచిని నిలపడానికి వాడేది మధురవాణి. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ మాటకారులే, ఇద్దరికీ మనుషుల మనసు చదవడం వచ్చు. అయినా అతని దగ్గర వెంకటేశం పాడయ్యాడు, ఆమె వల్ల సౌజన్యారావు ఇంకొంచెం పెద్ద మనిషయ్యాడు. ఆమెకు ఆ కాలం ఏ బడి తలుపూ తెరవలేదు. సంఘం ఎవరెవరిని గడప బయట నిలబెట్టిందో, వాళ్లలో ఎంతమంది గురువులు పోయారో తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఇలా ఒక్కొక్కరినీ పిలిచి చూసినకొద్దీ నాకు స్పష్టమైన సంగతి ఒకటి ఉంది. కథలో మనల్ని కట్టిపడేసే గుణాలు తరగతిలో చాలాసార్లు పనికిరావు. నాయకుడు లోకాన్ని తన చుట్టూ తిప్పుకోవాలి, తన కోరిక, తన గాయం, తన గెలుపు మనచేత పట్టించుకునేలా చెయ్యాలి. టీచరు చేసేది దీనికి సరిగ్గా ఎదురు. తన ముందు ఎంతమంది కూర్చుంటే అన్ని కథలు మొదలవుతున్నాయి. ప్రతి కథకూ నాయకుడో నాయికో వేరే ఉన్నారు. ఆ కథలన్నిటిలో తనది చిన్న పాత్ర, రెండు మూడు పేజీల్లో వచ్చి వెళ్లిపోయే పాత్ర. ఆ రెండు పేజీల్లో నాయకుడికి అవసరమైన మాట చెప్పి పక్కకు తప్పుకోవాలి. అలా తప్పుకోవడం తేలిక కాదు. తన తెలివిని, తన బాధను, తన ఊరూ కులమూ ఇచ్చిన అలవాట్లను గుమ్మం బయట పెట్టి లోపలికి రావాలి, అవసరమైనప్పుడు వాటిలో ఏది పిల్లవాడికి పనికొస్తుందో అది మాత్రం తెచ్చి చూపించాలి. పార్వతీశం తన టోపీని చూపించినట్టు.

అందుకే ఈ ఊహను నా ఒక్కడి దగ్గర ఉంచుకోవాలని లేదు. తెలుగు చెప్పే మిత్రులందరికీ ఒక సూచన చేస్తున్నాను. నాటకమో నవలో కథో పూర్తయ్యాక, పాత్ర స్వభావం గురించి పది వాక్యాలు రాయమనే బదులు పిల్లలను ఇలా అడగండి. ఈ పాత్ర మీకు టీచరుగా వస్తే ఏ సబ్జెక్టు ఇస్తారు? మొదటి రోజు ఏం జరుగుతుంది? మీకు ఏం రాకపోతే ఆయన, లేదా ఆమె, ఏమంటారు? గైడులో జవాబు దొరకని ప్రశ్న ఇది. జవాబు రాయాలంటే పుస్తకం నిజంగా చదవాలి, పాత్ర లోపలికి వెళ్లాలి, ఆపైన తన లోపలికి కూడా వెళ్లాలి. గిరీశాన్నే కోరుకునే పిల్లలు ఉంటారు, వాళ్లకు మన క్లాసులో నవ్వు తక్కువైందని అర్థం. సుబ్బయ్యను కోరుకునే పిల్లవాడి కాగితం ప్రత్యేకంగా తీసి పెట్టుకోండి, ఆ పిల్లవాడితో మీరు మాట్లాడవలసింది ఉంది. ఆ కాగితాలకు మార్కులు వెయ్యకండి. అవి పాత్రల గురించి రాసినట్టు కనిపించినా మన గురించి రాసినవి. సంజాయిషీ చెప్పుకోకుండా ప్రతిదీ చివరిదాకా చదివి, మర్నాటి పాఠాన్ని వాటిని బట్టి మార్చుకోగలిగితే, ఆ బడిలో పిల్లల కథ నిజంగా మొదలైనట్టే.